పిన్నీసు, పాత జీన్స్, రేడియో స్పీకర్.. పంక్ లుక్ ఇంట్లోనే ఇలా..! ఆ చిరుగుల వెనక అసలు కథ తెలుసా?

2016 నవంబర్ 26. లండన్‌లో థేమ్స్ నది మీద ఓ పడవ. అందులో పాత బట్టలు, పోస్టర్లు, రికార్డులు. చూస్తుండగానే మంటలు లేచాయి. ఒడ్డున జనం, కెమెరాలు. నిప్పు పెట్టింది ఎవరో కాదు.. పంక్ ఫ్యాషన్‌కు పురుడు పోసిన వివియన్ వెస్ట్‌వుడ్, మాల్కం మెక్‌లారెన్‌ల కొడుకు జో కోరే. ఆ సరుకు విలువ 50 లక్షల పౌండ్లు ఉంటుందని ఆయనే చెప్పారు. సెక్స్ పిస్టల్స్ బ్యాండ్ తొలి రికార్డు విడుదలై ఆ రోజుకు సరిగ్గా 40 ఏళ్లు. లండన్‌లో ఆ సందర్భంగా ప్రదర్శనలు, వేడుకలు జరుగుతున్నాయి. ఎదురు తిరగడానికి పుట్టిన పంక్ చివరికి మ్యూజియం బొమ్మగా మారిపోయిందన్నది ఆయన కోపం.

కోపం సంగతి సరే. అన్ని లక్షల పౌండ్ల సరుకు కాల్చాల్సిన పని ఏముందని అప్పట్లో చాలామంది తిట్టారు కూడా. కానీ ఇక్కడే అసలు ప్రశ్న ఉంది. చిరిగిన చొక్కాకు లక్షల రేటు ఎలా వచ్చింది? చేతిలో డబ్బుల్లేని కుర్రాళ్లు కత్తెరతో కోసి, పిన్నీసుతో అతికించుకున్న బట్టలు అవి. ఇప్పుడు మోకాళ్ల దగ్గర చిరిగిన జీన్స్ షోరూంలో వేలు పోసి కొంటున్నాం. పంక్ అంటే కొనేది కాదు, చేసుకునేది. ఎలా చేసుకునేవాళ్లు? ఇప్పుడు ఇంట్లో చేయాలంటే ఎలా? ఆ వివరాలే ఇవి..

చిరుగులు మొదలైంది ఇలా..

1970ల మధ్యలో న్యూయార్క్‌లో సీబీజీబీ అనే చిన్న క్లబ్ ఉండేది. అక్కడ పాడే రిచర్డ్ హెల్ చిరిగిన చొక్కాలు, వాటికి పిన్నీసులతో స్టేజీ ఎక్కేవాడు. రమోన్స్ బ్యాండ్ వాళ్లది మోకాళ్లు చిరిగిన జీన్స్. ఆ రోజుల్లో మెక్‌లారెన్ న్యూయార్క్‌లో కొంతకాలం ఉన్నారు. హెల్ వేషం చూసి మతిపోయింది. ఆ ఊహను మూటగట్టుకుని లండన్ తిరిగి వచ్చారు. కింగ్స్ రోడ్డులో 430 నంబరు షాపు ఆయనదీ, వెస్ట్‌వుడ్‌దీ. ఆ షాపు పేరు అప్పటికే రెండుసార్లు మారింది. 1974లో ‘సెక్స్’ అని పెట్టారు, 1976 చివర్లో ‘సెడిషనరీస్’ అయ్యింది.

ట్విస్ట్ ఏంటంటే.. ఆ షాపులో బట్టలు చౌక కాదు. పంక్ పాటలు వినే కుర్రాళ్లలో చాలామందికి అక్కడ కొనే స్తోమత లేదు. అందుకే వాళ్లు అద్దాల్లోంచి చూసేవాళ్లు, ఇంటికెళ్లి నాన్న పాత చొక్కా తీసి అలాగే చేసుకునేవాళ్లు. సెక్స్ పిస్టల్స్ గాయకుడు జాన్ లైడన్ మాటే తీసుకోండి. బ్యాండ్‌లో చేరకముందు పింక్ ఫ్లాయిడ్ బొమ్మ ఉన్న టీషర్ట్ మీద పెన్నుతో ‘నాకు అసహ్యం’ అని అర్థం వచ్చే రెండు ముక్కలు రాసుకుని తిరిగేవాడు. ఖర్చు ఒక్క పెన్ను. ఆ టీషర్ట్ వల్లే 1975లో మెక్‌లారెన్ మనుషుల కంట్లో పడ్డాడు.

ది క్లాష్ బ్యాండ్‌ది ఇంకో దారి. బాస్ వాయించే పాల్ సిమనన్ ఆర్ట్ స్కూల్లో చదివిన మనిషి. అమెరికా చిత్రకారుడు జాక్సన్ పొలాక్ కాన్వాస్ మీద రంగులు చిమ్మినట్టు.. వీళ్లు చొక్కాల మీద, ప్యాంట్ల మీద, చివరికి గిటార్ల మీద కూడా రంగు చిమ్మారు. దాని మీద స్టెన్సిల్ పెట్టి నినాదాలు అచ్చేశారు. అంతే, యూనిఫాం రెడీ.

మన పిన్నీసుకు 170 ఏళ్లు దాటాయి

తెలుగింట్లో పిన్నీసు లేని బీరువా ఉండదు. చీర కుచ్చిళ్లకు ఒకటి, పైటకు ఒకటి, అమ్మ గాజులకు వేలాడేవి ఇంకో నాలుగు. అమెరికాలో వాల్టర్ హంట్ అనే ఆయన 1849లో దీనికి పేటెంట్ తీసుకుని, ఆ హక్కులను కేవలం 400 డాలర్లకు అమ్మేసుకున్నాడు. 1977లో జేమీ రీడ్ అనే కళాకారుడు ఏకంగా బ్రిటన్ రాణి ఫొటోలో ఆమె పెదవికే పిన్నీసు గుచ్చినట్టు బొమ్మ చేశాడు. 1994లో నటి ఎలిజబెత్ హర్లీ వేసుకున్న వెర్సాచీ గౌనుకు బంగారు రంగు పిన్నీసులు పెట్టేసరికి అది పెద్ద వార్త. 400 డాలర్ల వస్తువు ఎంత దూరం వెళ్లిందో చూడండి.

బట్టకు పెట్టేటప్పుడు ఒక్కటే జాగ్రత్త. స్టీల్ పిన్నీసులే వాడండి. చవకరకం పిన్నులు చెమటకు, తడికి తుప్పు పడతాయి, ఆ మరక బట్టను వదలదు. పిన్ను నోరు ఒంటివైపు కాకుండా బయటివైపు ఉండాలి. ఇక చెంపకు, చెవికి ఇంట్లోనే పిన్నీసు గుచ్చుకోవడం లాంటి సాహసాలు అస్సలు వద్దు. ఇన్ఫెక్షన్, ధనుర్వాతం రెండూ నిజమైన ప్రమాదాలే.

జీన్స్ చింపడానికీ ఓ లెక్కుంది

కత్తెర తీసుకుని అడ్డంగా కోసేస్తే చిరుగు కాదు, కన్నం వస్తుంది. నేతన్నలకు తెలిసిన సంగతే.. ఏ బట్టకైనా పడుగు, పేక ఉంటాయి. జీన్స్ గుడ్డలో నిలువుగా పోయే పడుగు దారం నీలం, అడ్డంగా పోయే పేక దారం తెలుపు. మోకాలి దగ్గర అంగుళం ఎడంలో అడ్డంగా రెండు గాట్లు పెట్టండి. ఆ మధ్యలో నిలువుగా ఉన్న నీలం దారాలను సూది మొనతోనో, ట్వీజర్‌తోనో ఒక్కొక్కటే లాగేయండి. తెల్ల దారాలు మాత్రం తెగకుండా నిచ్చెన మెట్లలా మిగులుతాయి. షోరూంలో వేలు పెట్టి కొనే లుక్ ఇదే! అంచులను సాండ్ పేపర్‌తో రుద్దితే పాతబడినట్టు కనిపిస్తుంది.

చిరుగు రోజురోజుకూ పెరుగుతుంది. అది ఆగాలంటే లోపలివైపు నల్ల గుడ్డ ముక్క పెట్టి చుట్టూ కుట్టేయాలి. చెడ్డీ కుట్టడం రాని వాళ్లు కూడా ఇది చేయగలరు. కాలేజీకి వేసుకెళ్లే జీన్స్ మీద కాకుండా ముందు పనికిరాని ప్యాంటు మీద ప్రయోగం చేస్తే ఇంట్లో తిట్లు తప్పుతాయి.

టీషర్ట్ మీద అచ్చు.. ఎక్స్‌రే ఫిలిం చాలు

స్టెన్సిల్ కోసం ప్రత్యేకంగా ఏదీ కొనక్కర్లేదు. బీరువాలో పడి ఉన్న పాత ఎక్స్‌రే ఫిలిం తీయండి (డాక్టర్‌కు మళ్లీ చూపించాల్సింది కాదని ఒకసారి అడిగి మరీ తీయండి). దాని మీద అక్షరాలు గీసి పదునైన కట్టర్‌తో కోయాలి. ఇంగ్లిష్‌లో ‘ఓ’ అక్షరం కోస్తే మధ్య ముక్క ఊడి పడిపోతుంది కదా.. తెలుగులో ఆ బాధ ఇంకా ఎక్కువ. మన లిపిలో గుండ్రాలు ఎక్కువ. సున్నా, ‘ఠ’, ‘ర’ లాంటి చోట్ల లోపలి ముక్క నిలబడాలంటే పక్కనుంచి సన్నటి వంతెన లాంటి పట్టీ వదిలేసి కోయాలి. గోడల మీద స్టెన్సిల్ రాతల్లో అక్షరాలు మధ్యమధ్యలో తెగినట్టు కనిపించేది ఇందుకే.

టీషర్ట్ లోపల అట్టముక్క పెట్టండి, లేకపోతే రంగు వీపు వైపు కూడా దిగుతుంది. ఫ్యాబ్రిక్ పెయింట్‌లో నీళ్లు కలపొద్దు. పల్చబడితే స్టెన్సిల్ కిందకు పాకి అంచులు చెదిరిపోతాయి. బ్రష్‌తో రుద్దకుండా స్పాంజి ముక్కను రంగులో తేలిగ్గా ముంచి, ఎక్కువైంది కాగితం మీద తుడిచి, పైనుంచి నొక్కుతూ పోవాలి. ఒకే దెబ్బకు మందంగా కాకుండా రెండుసార్లు పల్చగా వేస్తే బాగా నిలుస్తుంది. ఒక రోజంతా ఆరనిచ్చి, బట్ట తిరగేసి ఇస్త్రీ చేయాలి. ఆ వేడికే రంగు గుడ్డలోకి పట్టుకుంటుంది. ఉతికేటప్పుడు కూడా తిరగేసే ఉతకాలి.

బ్రిటన్‌లో క్రాస్ అనే పంక్ బృందం ఈ స్టెన్సిల్ పనిలో దిట్ట. లండన్ భూగర్భ రైలు స్టేషన్లలో ప్రకటనల మీద స్ప్రే పెయింట్‌తో యుద్ధ వ్యతిరేక నినాదాలు అచ్చేసి వచ్చేవాళ్లు. గోడల సంగతి పక్కన పెట్టి.. చొక్కా మాత్రం మీ సొంతమే!

బ్లీచ్‌తో మరకలు.. ఇక్కడ మాత్రం జాగ్రత్త!

నల్ల టీషర్ట్ మీద నారింజ రంగు మచ్చలు చూసే ఉంటారు. అది బ్లీచ్ చేసే పని. కాటన్ మీదే పనిచేస్తుంది. పాలిస్టర్ మీద రంగు సరిగ్గా పోదు, పట్టు, ఉన్ని అయితే ఏకంగా పాడైపోతాయి. అందుకే ముందు లోపలి కుట్టు దగ్గర ఒక్క చుక్క వేసి చూడండి. ద్రవ బ్లీచ్‌లో అంతే నీళ్లు కలిపి, స్ప్రే సీసాతో చిమ్మి, కావాల్సిన రంగు రాగానే చల్లటి నీళ్లలో జాడించేయాలి. ఎక్కువసేపు వదిలితే రంగుతో పాటు గుడ్డ కూడా తినేస్తుంది.

ఈ పని బాత్రూంలో తలుపులు మూసుకుని చేయకూడదు. డాబా మీద, చేతులకు గ్లోవ్స్‌తో చేయాలి. అన్నిటికంటే ముఖ్యం.. బ్లీచ్‌కు టాయిలెట్ కడిగే యాసిడ్ పొరపాటున కూడా తగలకూడదు. రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది. అది ఊపిరితిత్తులను దెబ్బతీసే విషం. అమోనియా ఉన్న క్లీనర్లతోనూ కలపకూడదు. యాసిడ్ పోసి కడిగిన నేల మీద ఈ బట్టలు పడేయడం కూడా అంతే ప్రమాదం.

ప్యాచ్‌లు, స్టడ్‌లు.. పళ్ల దారంతో కుట్టు!

అభిమాన బ్యాండ్ పేరు అచ్చేసిన గుడ్డముక్కలను జాకెట్ నిండా కుట్టుకోవడం పంక్‌లో ఓ సంప్రదాయమే అయిపోయింది. ఇందులో ఓ తమాషా కిటుకు ఉంది. చాలామంది మామూలు దారం బదులు పళ్ల సందుల్లో శుభ్రం చేసుకునే డెంటల్ ఫ్లాస్‌తో కుట్టేవాళ్లు. అది నైలాన్, పైన మైనం పూత. పట్టుకుని లాగినా తెగదు, వానకు పాడవదు. దళసరి జీన్స్ గుడ్డకు మామూలు సూది వంగిపోతుంది కాబట్టి పెద్ద సూది వాడాలి. ప్యాచ్ అంచును కాస్త లోపలికి మడిచి చుట్టూ కుట్టండి. కుట్లు వంకరగా వచ్చినా ఏం కాదు, ఈ ఒక్క చోట వంకరే అందం. బొంతలు కుట్టే అమ్మమ్మ ఇంట్లో ఉంటే ఆమె ముందు ఇవన్నీ చిన్నపిల్లల ఆట.

స్టడ్‌లకు వెనక రెండు కాళ్లు ఉంటాయి. గుడ్డలోకి గుచ్చి, లోపలివైపు చెంచా వెనక భాగంతో నొక్కి ఆ కాళ్లను మడవాలి. పైన అస్తరు గుడ్డ వేయకపోతే ఒళ్లంతా గీరుకుపోతుంది. వాషింగ్ మెషీన్‌లో వేయొద్దు.

బట్టలకే అరెస్టులు..

ఇదంతా సరదా వేషమే కదా అనిపించొచ్చు. కానీ ఈ వేషం వేసుకున్నందుకే జైలుకెళ్లిన వాళ్లున్నారు. 2011 డిసెంబర్‌లో ఇండోనేసియాలోని బండా అచేలో ఓ పంక్ సంగీత కార్యక్రమం మీద పోలీసులు దాడి చేసి 60 మందికి పైగా యువతను పట్టుకెళ్లారు. వాళ్ల మీద నేరం కేసు అంటూ ఏమీ లేదు. మగపిల్లల తలలు గొరిగించారు, అమ్మాయిల జుట్టు కత్తిరించారు. చెవి పోగులు, గొలుసులు పీకేశారు. ఆ బట్టలు తీయించి వేరేవి ఇచ్చారు. నీళ్లలో స్నానాలు చేయించారు. పది రోజుల పాటు పోలీసు శిక్షణ కేంద్రంలో ఉంచి ‘దారిలో పెట్టే’ కార్యక్రమం నడిపారు. ఆ ఫొటోలు ప్రపంచమంతా తిరిగాయి. లండన్‌లో మ్యూజియం బొమ్మ అయిపోయిందని తగలబెట్టిన చొక్కా లాంటిదే.. అచేలో ఒంటి మీదుంటే నేరమైంది. ఐదేళ్ల తేడాలో రెండు చోట్ల రెండు కథలు.

పాత స్పీకర్‌తో బుల్లి యాంప్

ఇప్పుడు పాటల సామాను. బ్యాండ్ పెట్టాలంటే లక్షల గేర్ కావాలని చాలామంది ఆగిపోతారు. 1964లో కింక్స్ బ్యాండ్ గిటారిస్ట్ డేవ్ డేవిస్ తన చిన్న యాంప్‌లోని స్పీకర్ కాగితాన్ని బ్లేడుతో చీల్చేశాడు. ఆ చీలిక వల్ల వచ్చిన గరగర శబ్దమే వాళ్ల పెద్ద హిట్టుకు ప్రాణం పోసింది. పంక్ రాకముందే పంక్ పని!

ఇప్పుడు స్పీకర్ చింపక్కర్లేదు. ఎలక్ట్రానిక్స్ షాపుల్లో ఎల్ఎం386 అని చిన్న ఐసీ దొరుకుతుంది. ఎనిమిది కాళ్ల చిప్, వేలిగోరంత ఉంటుంది. 9 వోల్టుల బ్యాటరీ, 8 ఓంల పాత రేడియో స్పీకర్, రెండు మూడు కెపాసిటర్లు, ఒక వాల్యూమ్ నాబ్.. ఇంతే సామాను. 3వ కాలుకు గిటార్ సిగ్నల్, 6వ కాలుకు బ్యాటరీ ప్లస్, 2, 4 కాళ్లు గ్రౌండ్‌కు. 5వ కాలు నుంచి 220 మైక్రోఫారడ్ కెపాసిటర్ మీదుగా స్పీకర్‌కు. మామూలుగా ఈ చిప్ శబ్దాన్ని 20 రెట్లు పెంచుతుంది. 1, 8 కాళ్ల మధ్య 10 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెడితే 200 రెట్లు! అప్పుడే ఆ గరగర మొదలవుతుంది. అర వాట్ లోపు పవర్ కాబట్టి గదిలో ప్రాక్టీసుకు సరిపోతుంది, పక్కింటి వాళ్లు గొడవకు రారు. బిస్కెట్ డబ్బాలోనో, టిఫిన్ బాక్సులోనో పెట్టేసుకోవచ్చు. రేకు డబ్బా అయితే లోపల తీగలు దానికి తగలకుండా అట్ట వేయండి.

ఒక్క హెచ్చరిక. ఇది బ్యాటరీ మీద నడిచేది కాబట్టే ఇంట్లో చేయమని చెప్పడం. కరెంటు ప్లగ్ ఉన్న పాత వాల్వ్ యాంప్, డబ్బా టీవీ విప్పి స్పీకర్ పీకుదామని అనుకోవద్దు. ప్లగ్ తీసేసినా లోపల వందల వోల్టులు నిలవ ఉంటాయి, టీవీలో అయితే వేలల్లో. రిపేరు షాపులో అడిగితే విప్పిన స్పీకరే ఇస్తారు.

గిటార్ లేకపోతే? నాణెం ఆకారంలో ఉండే పీజో డిస్క్ కొని దాని రెండు తీగలను గిటార్ జాక్‌కు అతికించండి. దాన్ని చెక్కపెట్టెకు అంటిస్తే ఆ పెట్టె కదలికే శబ్దంగా మారుతుంది. గొంతు కాస్త సన్నగా, డబ్బాలోంచి వచ్చినట్టు ఉంటుంది, మధ్యలో చిన్న ప్రీయాంప్ ఉంటే నిండుగా వస్తుంది. డ్రమ్స్‌కు ఖాళీ పెయింట్ బక్కెట్లు, గిటార్ బెల్టుకు పాత సామాన్ల దుకాణంలో దొరికే కారు సీటు బెల్టు. గోడలకు గుడ్ల ట్రేలు అంటిస్తే శబ్దం బయటకు పోదన్నది మాత్రం ఉత్త అపోహ. గదిలో ప్రతిధ్వని కాస్త తగ్గుతుందేమో కానీ పక్కింటికి వెళ్లే శబ్దం ఆగదు. పైగా నిప్పు తగిలితే భగ్గున అంటుకుంటాయి. తలుపు సందుల్లో దుప్పట్లు కుక్కడం అంతకంటే నయం.

చెవుల సంగతి కూడా చూసుకోవాలి. 85 డెసిబెల్స్ శబ్దాన్ని రోజుకు 8 గంటలకు మించి వినకూడదన్నది అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ పరిమితి. అదే 100 డెసిబెల్స్ అయితే 15 నిమిషాలే. డ్రమ్స్ ఉన్న గదిలో ఆ 15 నిమిషాలు రెండు మూడు పాటలకే అయిపోతాయి. ఇయర్ ప్లగ్స్ మాత్రం ఇంట్లో దూదితో చేసుకోకుండా మందుల షాపులో కొనుక్కోండి.

మధ్యలో ఓ ముచ్చట. క్వీన్ బ్యాండ్ గిటారిస్ట్ బ్రయాన్ మే పంక్ కాదు కానీ ఇంటి తయారీలో ఆయన్ను మించినవాడు లేడు. 1963లో టీనేజీలో ఉండగా తండ్రితో కలిసి పాత పొయ్యిగూటి చెక్క, మోటార్‌సైకిల్ స్ప్రింగులతో గిటార్ తయారీ మొదలుపెట్టాడు. 2002లో లండన్ రాజభవనం పైకప్పు మీద నిలబడి జాతీయగీతం వాయించింది ఆ గిటార్ మీదే.

ఖర్చు లెక్క కవర్ మీదే అచ్చేశారు!

బట్టలు, యాంప్ అయ్యాయి. మరి పాట జనంలోకి ఎలా వెళ్లాలి? మాంచెస్టర్ కుర్రాళ్ల బ్యాండ్ బజ్‌కాక్స్ 500 పౌండ్లు అప్పు చేసి 1976 డిసెంబర్ 28న ఒక్క రోజులో నాలుగు పాటలు రికార్డు చేసింది. పెద్ద కంపెనీ గడప తొక్కలేదు. సొంతంగా వెయ్యి కాపీలు అచ్చేయించి 1977 జనవరిలో వదిలారు. చివరికి 16 వేల దాకా అమ్ముడుపోయాయి. కవర్ మీద ఫొటో పోలరాయిడ్ కెమెరాతో ఊళ్లో ఓ విగ్రహం దగ్గర దిగిందే. ఏ పాట ఎన్నో టేకులో ఓకే అయ్యిందో, తర్వాత ఏం కలిపారో అన్నీ కవర్ మీద రాసేశారు. దాచుకోవాల్సిన గుట్టు ఏమీ లేదని, ఎవరైనా చేయొచ్చని దాని అర్థం.

ఏడాది తర్వాత స్క్రిట్టి పొలిట్టి అనే బ్యాండ్ ఇంకో అడుగు ముందుకేసింది. 1978లో తెచ్చిన తొలి రికార్డుకు జిరాక్స్ తీసిన కాగితాలే కవర్. దాని మీద స్టూడియోకు ఎంత, అచ్చుకు ఎంత అని ఖర్చు మొత్తం, ఆ పని ఎక్కడ చేయించారో ఆ వివరాలతో సహా వేసేశారు. పాట వినేవాడికి అదే చేతిలో పెట్టిన ఎస్టిమేట్!

అమెరికాలోని వాషింగ్టన్‌లో డిస్కార్డ్ అనే బుల్లి లేబుల్ మొదలుపెట్టిన టీనేజీ పిల్లలకు కవర్ ఎలా చేయాలో తెలియలేదు. ఇంట్లో ఉన్న ఓ రికార్డు కవర్‌ను అతుకులు విప్పి బల్ల మీద పరిచారు. చుట్టూ గీత గీసి కొలత తీసుకున్నారు. ఆ కొలతతో అచ్చేయించి, కత్తెరతో కోసి, మడిచి, జిగురు పెట్టి వెయ్యి కవర్లు చేతులతోనే అతికించారు. ఆ రికార్డు 1981లో వచ్చింది. డిస్కార్డ్ తర్వాతి రోజుల్లో అమెరికా పంక్‌లో పెద్ద పేరు తెచ్చుకుంది. ఫోన్‌లో రికార్డు చేసిన పాటకైనా అట్ట కవర్ కావాలనుకుంటే కిటుకు ఇప్పటికీ అదే. పాత కవర్ ఒకటి విప్పి, కాగితం మీద పెట్టి, చుట్టూ గీత గీసుకోండి. అతుకు కోసం పక్కన అర అంగుళం వదలడం మాత్రం మర్చిపోవద్దు.